రెండున్నర గంటల పండు

ఆగిరిపల్లి తిరుపతిరావుకు మామిడి విషయంలో ఒక గర్వం ఉంది. ఊరి పేరు చెబితే చాలు, సరిగ్గా అక్కడికి చేరేసరికి మగ్గేలా కాయ కోస్తాడు. లారీలో ఢిల్లీకైతే పచ్చిది, బస్సులో హైదరాబాదుకైతే దోరది. ఆయన లెక్క ఏనాడూ తప్పలేదు.

ఆ ఢిల్లీలోనే చెల్లెలు వరలక్ష్మి ఉంటుంది. తోట పంపకాల దగ్గర మాటామాటా పెరిగి, ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఈ వేసవిలో ఆమెకు గుండె ఆపరేషన్ అయింది. “అన్నయ్య కోసిన రసం తినాలనుంది వదినా” అని ఫోనులో ఆయన భార్య పున్నమ్మతో అన్నదట. అది విన్న తిరుపతిరావుకు ఆ పూట ముద్ద దిగలేదు.

తెల్లవారగానే కొడుకు శశాంక్ చేత విమానం టిక్కెట్టు తీయించాడు.

“గన్నవరం నుంచి ఢిల్లీకి ఎంతసేపురా?”

“విమానం లేచాక రెండున్నర గంటలు నాన్నా.”

“అంతేనా! విస్సన్నపేట వెళ్లొచ్చినంత.”

అంత దగ్గరికి కాయలెందుకు? చెట్టునే పండి, వేలు తగిలితే రసం కారే చిన్నరసాలు ఏరి సంచీ నింపాడు.

“నాలుగు దోరవి కూడా వెయ్యండి” అంది పున్నమ్మ.

“విమానానికి దోరకాయలా? నలుగురూ నవ్వుతారే!”

గన్నవరంలో తెలిసింది, ఢిల్లీలో దుమ్ము తుఫానట. శశాంక్ చెప్పింది లేచాక సంగతి. లేవడానికి ఎంతసేపో ఆయన అడగలేదు, వాడు చెప్పలేదు.

మధ్యాహ్నానికి హాలంతా నూజివీడు సంతలా ఘుమఘుమలాడింది. సంచీలో పైవరస మెత్తబడిపోతోంది. పండు కళ్లముందు పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం తోట రైతు వల్ల కాదు. పక్కనున్న ముసలావిడకు ఒకటిచ్చాడు. ఆవిడ జుర్రుకుంటుంటే ఎదుటాయన గుటకలు మింగాడు. ఆయనకూ ఇచ్చాడు. అంతే, ఆలస్యమైనందుకు విమానం వాళ్లు పళ్లు పంచుతున్నారన్న మాట హాలంతా పాకిపోయి, జనం తిరుపతిరావు ముందు వరస కట్టారు.

“చెయ్యి తుడుచుకోడానికి కాగితాలేవండీ?” అన్నారొకరు.

“పళ్లిచ్చి నోళ్లు మూయిస్తారా? ముందు విమానం ఎప్పుడో చెప్పండి!” అని టై కట్టుకున్నాయన గద్దించాడు.

“అదే తెలిస్తే పచ్చివే తెచ్చేవాణ్ణి కదండీ” అన్నాడు తిరుపతిరావు, నిజమైన దుఃఖంతో.

టై ఆయనకు అది వెటకారంలా తోచింది. వీళ్ల పైవాణ్ణి పిలవమని కేకలేశాడు, రెండో పండు తీసుకుంటూనే.

విమానం లేచేసరికి ఒక్క పండు మిగిలింది. దాన్ని భద్రంగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బెల్టు బిగించుకోడానికి వంగినప్పుడు అదీ చితికింది.

చెల్లెలి గుమ్మంలో ఖాళీ సంచీతో, గుండెల మీద పసుపుపచ్చ మరకతో నిలబడ్డాడు.

“ఒక్కటీ మిగల్లేదమ్మా” అన్నాడు.

వరలక్ష్మి అన్న చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, బల్ల మీది అట్టపెట్టె తెరిచింది. నిండా చిన్నరసాలు, ఆ పూటకే మగ్గినవి. పెట్టె మీద తిరుపతిరావు పేరే ఉంది. వారం కిందట తనే పచ్చివి కోసి లారీకెక్కించిన సరుకు.

“ఏటా బజార్లో నీ పేరు చూసే కొంటున్నాను అన్నయ్యా. పండు కోసమే అయితే నీకు కబురెందుకు?”

తిరుపతిరావు కళ్లు తుడుచుకున్నాడు. పెట్టెలోంచి ఒక పండు తీసి, అలవాటుకొద్దీ మెల్లగా నొక్కి చూశాడు.

“లారీ లెక్క మాత్రం తప్పలేదమ్మా” అన్నాడు.