‘నాలుగో విజిల్’ మొత్తం చూసినవారు

డిసెంబరు ఇరవయ్యారు నుంచి ముప్పై ఒకటి సాయంత్రం ఐదు గంటల దాకా, ఆ ఏడాది విడుదలైన సినిమాలన్నీ విజయవాడలోని చలనచిత్ర ర్యాంకుల కార్యాలయానికి స్వయంగా వచ్చి, వరుసలో నిలబడి, తమ రివ్యూనూ ర్యాంకునూ సంతకం పెట్టి తీసుకెళ్లాలి. బదులుగా నిర్మాతను పంపితే చెల్లదు. ఈ ఏడాది రెండు వందల పంతొమ్మిది సినిమాలు విడుదలయ్యాయి కాబట్టి కార్యాలయం ముందు షామియానా వేయించారు, మంచినీళ్ల డ్రమ్ము పెట్టించారు. మరుగుదొడ్డి తాళంచెవి మాత్రం ఎప్పటిలాగే సూపరింటెండెంటు జేబులో ఉంది.

సూపరింటెండెంటు పేరు ఏడుకొండలు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఆయన ఒక్క సినిమా కూడా చూడలేదు, అందుకే ఆయన మీద ఒక్క ఆరోపణ కూడా లేదు. సినిమా చూసిన అధికారికి దాని మీద ఏదో ఒక అభిప్రాయం ఏర్పడుతుందని, అభిప్రాయం ఉన్నవాడు నిష్పాక్షికంగా రివ్యూ రాయలేడని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కిందటేడు ఒక టైపిస్టు పని చేసుకుంటూ ఏదో సినిమాపాట కూనిరాగం తీసింది. ఆమె ఆ పాటను పక్కింటి పెళ్లిలో వినడమే తప్ప సినిమా చూడలేదని విచారణలో తేలింది గానీ, అప్పటికే ఆమెను జనన మరణాల విభాగానికి పంపేశారు.

రివ్యూ రాసే పద్ధతి కష్టమైందేమీ కాదు. సినిమాను కౌంటరు ముందు నిలబెట్టి టేపుతో కొలుస్తారు. నడుము దగ్గర ఇంటర్వెల్ గుర్తు ఉంటుంది, దానికి పైన మొదటి సగం, కింద రెండో సగం. రెండో సగం ఎప్పుడు కొలిచినా సాగినట్టే వస్తుంది, ఆ టేపు అలాంటిది. తరవాత స్టోరురూములోంచి స్టార్లు తెచ్చి ఇస్తారు. నిండు స్టార్లకు ఇండెంటు పంపి పదకొండేళ్లయినా సరుకు రాలేదు, పావు స్టార్లు మాత్రం బస్తాలకొద్దీ ఉన్నాయి. అందువల్ల చాలా సినిమాలు రెండుంబావు దగ్గర ఆగిపోతాయి. ర్యాంకుల దగ్గర ఇంత పీనాసితనం లేదు. ఈ కార్యాలయం ర్యాంకులివ్వడం కాలేజీల హోర్డింగులు చూసి నేర్చుకుంది కాబట్టి ఒకటో ర్యాంకు పద్దెనిమిది సినిమాలకు ఇచ్చారు.

మొదటి రోజు పొద్దున్నే పెద్ద హీరో సినిమా వచ్చింది. గేటు నుంచి కౌంటరుకు ముప్పై అడుగులుంటుందేమో, స్లోమోషన్లో నడవడం వల్ల దానికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోపు సిబ్బంది టిఫిన్లు కానిచ్చుకుని వచ్చారు. దాని నెత్తిన పోసిన పాలు కారి ఫారం తడిసిపోతే ఇంకో ఫారం ఇచ్చారు. డబ్బింగు సినిమాను పేరడిగితే ముందు పెదవులు కదిపి, కాసేపాగి పేరు చెప్పింది. దయ్యం సినిమా బల్ల ఖాళీగా ఉండగా సీలింగు మీద కూర్చుంది, అటెండరు కోప్పడితే దిగింది. రెండు భాగాల సినిమా ఒకటి తన వివరాలు సగం చెప్పి, మిగతావి మరో భాగంలో చెబుతానంది. ఏడుకొండలు ఆ ముక్కే ఫారంలో రాసి ముద్ర కొట్టాడు.

ఇరవై తొమ్మిదో తేదీన ‘నాలుగో విజిల్’ అనే సినిమా వరుసలోకి వచ్చింది. నిడివి గంటా నలభై ఒక్క నిమిషం, మనిషి భుజం దాకా వస్తుంది. వెంట ఎవరూ లేరు. దాని పోస్టరు మీద ఎవరో వేరే కాగితం అంటించి ఉండటంతో, వరుసలో వాళ్లు మొదట దాన్ని డీఎస్సీ కోచింగు ప్రకటన అనుకున్నారు.

“ప్రేక్షక పత్రం ఏదమ్మా?” అని అడిగాడు ఏడుకొండలు.

“అదేంటండీ?”

“నిన్ను మొదట్నుంచీ చివరిదాకా చూసినట్టు ఎవరో ఒకరు రాసివ్వాలి. ఒక్కరు చాలు. మొన్న వచ్చిపోయిన పెద్ద సినిమాకైతే పత్రాలు లారీలో వచ్చినయ్యి.”

“నన్ను అయిదుగురు చూశారండీ. పామర్రులో, ఒక్క ఆట.”

“చూడ్డం కాదు, రాసివ్వాలి. ఎల్లుండి అయిదింటిలోపు పట్రా. లేకపోతే రద్దు.”

రద్దు అంటే ఆ సినిమా విడుదల కానట్టే కాదు, తీయనట్టే. రీళ్లు, ఫైళ్లు, పోస్టర్లు పోవడం అందులో చిన్న సంగతి. ఆ సినిమాకు పట్టిన కాలం కూడా అందరి లెక్కలోంచి పోతుంది. ‘నాలుగో విజిల్’కు మూడేళ్లు పట్టింది. డైరెక్టరు ఉమాపతి ప్రస్తుతం పెళ్లి వీడియోలు తీసుకుంటున్నాడు. సినిమా అతనికి ఫోను చేసి విషయం చెప్పింది.

“మూడేళ్లు తగ్గితే నాకేం నష్టం లేదు,” అన్నాడు ఉమాపతి. “మా పాప ఆ మూడేళ్లలోనే పుట్టింది. దాన్నేం చేస్తారో కాస్త కనుక్కో.”

సినిమా వెనక్కి వెళ్లి కనుక్కుంది. పాపను ఏమీ చేయరని, పుట్టినతేదీ మాత్రం ఖాళీగా ఉంచుతారని, స్కూల్లో చేర్చేటప్పుడు కొంచెం ఇబ్బంది పడాల్సి వస్తుందని గుమాస్తా చెప్పాడు. సినిమాకు భయమేసింది. తను పోతే పోయింది, పాప పుట్టినరోజు పోవడం దానికి నచ్చలేదు. మర్నాడు పొద్దున్నే బందరు బస్సెక్కింది. రెండు గంటలకు తక్కువ నిడివి కాబట్టి కండక్టరు అరటిక్కెట్టు కొట్టాడు.

పామర్రులో థియేటరు ఆపరేటరు మస్తానుకు ఆ ఆట బాగా గుర్తుంది. అయిదుగురి వివరాలూ వేళ్ల మీద చెప్పాడు. తనే రాసివ్వడానికి వీల్లేదన్నాడు. డ్యూటీలో ఉన్నవాణ్ని ప్రేక్షకుడిగా లెక్కపెట్టరు, పైగా ఆ గంటా నలభై నిమిషాలూ అతను ఫోనులో సీరియల్ చూశాడు. ఆ సీరియల్ బావుందని కూడా చెప్పాడు.

అయిదుగురిలో ఇద్దరు ఇంజనీరింగు కాలేజీ పిల్లలు. మూల సీట్లలో కూర్చున్నవాళ్లు. సినిమా వాళ్లకు కాలేజీ గేటు దగ్గర ఎదురుపడితే అమ్మాయి దాని మొహం కూడా గుర్తుపట్టలేదు.

“మేం ఆ రోజు ల్యాబులో ఉన్నామండీ,” అంది. “అటెండెన్సు కూడా పడింది, కావాలంటే చూసుకోండి.”

మూడో ఆయన చేపల చెరువుల సాంబయ్య. గట్టు మీద నిలబడి మేత చల్లిస్తున్నాడు. ఆయన పెద్ద హీరో సినిమా అనుకుని పొరపాటున ఈ హాల్లోకి వచ్చాడు.

“హీరో ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని ఇంటర్వెల్ దాకా కూర్చున్నానమ్మా,” అన్నాడు. “ఇంతకీ నీలో హీరో ఎక్కడున్నాడు?”

“లేడండీ.”

“అదీ సంగతి. సరే, నేను చూసిన సగానికి రాసిస్తాను, తీసుకెళ్లు.”

సగం పత్రం చెల్లదని సినిమా చెప్పింది. అయితే ఇంకో సగం చూసినవాణ్ని వెతుక్కోమని ఆయన సలహా ఇచ్చాడు. సలహా మంచిదే, కాకపోతే ఆ సగం నుంచి చూసినవాళ్లెవరూ లేరు. సినిమా ఆయనకు దండం పెట్టి వచ్చేసింది.

నాలుగో మనిషి నాంచారమ్మ. యాభై దాటిన ఆవిడ, వాకిట్లో పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. సినిమా గేటు తీస్తుండగానే తలెత్తి చూసింది.

“నువ్వా,” అంది. “రా. లోపలికొద్దులే, ఇక్కడే కూచో.”

తనను చూడగానే గుర్తుపట్టిన మనిషి ఆ ఏడాదంతా కలిపి ఈవిడొక్కతే. సినిమా పీట పక్కనే నేల మీద కూచుంది. వచ్చిన పని చెప్పేలోపే నాంచారమ్మ మొదలుపెట్టింది.

“ఆవిడ పొయ్యి మీద కుక్కరు పెట్టి గడపలో కూచుంటది చూడు, అక్కణ్నుంచే నాకు కాలు కదల్లేదు. మొదటి విజిలప్పుడు చెప్పులేసుకుంది. రెండోదప్పుడు వీధి చివర దాకా పోయింది. మూడోదానికి బస్టాండులో ఉంది. ఇంక పోతదిలే, ఎక్కడికో అక్కడికి పోతదిలే అని నేను సీట్లో గుప్పిళ్లు బిగించుకుని కూచున్నా. నాలుగోదానికి ఇంట్లోకొచ్చి పొయ్యి కట్టేసింది. ఎందుకు కట్టేయించావు నువ్వు? నాకు ఎంత ఒళ్లు మండిందో తెలుసా. ఇంకో నాలుగు విజిల్స్ వస్తే అన్నం మాడేది, అంతేగా.”

“నాకూ తెలీదండీ,” అంది సినిమా. “నన్ను అలాగే తీశారు.”

“నెల రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. తర్వాత ఆలోచిస్తే నేనూ అదే చేసేదాన్ని అనిపించింది. అప్పుడింకా కోపమొచ్చింది.”

సినిమా ఎంతో సంతోషించింది. తనను కౌంటరు దగ్గర టేపు పెట్టి కొలవడమే తప్ప, తన లోపల ఏముందో ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. ఇవే మాటలు కాగితం మీద పెట్టి కింద పేరు రాసిస్తే చాలని అడిగింది. పత్రం ఇచ్చినవారి పేరు, ఊరు జనవరి ఒకటిన టీవీలో ర్యాంకుతోపాటు చదువుతారని, అది నిబంధన అని కూడా దాచకుండా చెప్పేసింది.

నాంచారమ్మ చేతిలో గింజ పక్కన పెట్టింది.

“నేను రాసివ్వలేనమ్మా. ఆ రోజు ఆధారు కార్డులో వేలిముద్రలు పడట్లేదు, మార్పించుకొస్తానని ఇంట్లో చెప్పి వచ్చాను. ఆ పనికైతే సాయంత్రం దాకా ఎవరూ అడగరు. ఇప్పుడు టీవీలో నా పేరు చదివితే ఎందుకెళ్లావు, ఎవరితో వెళ్లావు అంటారు. ఒక్కదాన్నే వెళ్లానంటే అసలే నమ్మరు. పెళ్లయి ముప్పయ్యేళ్లయింది. చెప్పకుండా ఒక్క పూట ఎక్కడికన్నా పోయానంటే అది నీ దగ్గరికే.”

సినిమా ఉమాపతి కూతురి సంగతి చెబుదామనుకుంది. చెబితే ఈవిడ రాసిచ్చేస్తుందని దానికి తెలుసు. అందుకే చెప్పలేదు. నాంచారమ్మ గ్లాసుతో మజ్జిగ ఇస్తే తాగి లేచింది.

అయిదో మనిషి మెడికల్ రిప్రజెంటేటివ్ వంశీధర్. మర్నాడు మధ్యాహ్నం ఉయ్యూరులో ఒక డాక్టరు గది బయట బ్యాగు ఒళ్లో పెట్టుకుని దొరికాడు. ఆ రోజు ఎండకు తట్టుకోలేక ఏసీ కోసం హాల్లోకి వెళ్లానని, టైటిల్స్ పడకముందే నిద్రపోయానని, అంత మంచి నిద్ర మళ్లీ పట్టలేదని నిజాయితీగా చెప్పాడు.

“మొత్తం చూసినట్టు రాసివ్వాలండీ,” అంది సినిమా మొహమాటంగా.

“దాందేముంది, ఇటివ్వండి,” అన్నాడు వంశీధర్.

కలవని డాక్టర్లను కలిసినట్టు రోజూ రిపోర్టు రాసే చెయ్యి కావడంతో ఎక్కడా తడబడలేదు. ‘సినిమా మొదటి నుంచి చివరి వరకు శ్రద్ధగా వీక్షించాను. ఏసీ బాగుంది. సీట్లు సౌకర్యంగా ఉన్నాయి. సౌండ్ మరీ ఎక్కువ లేదు. కుటుంబసమేతంగా ఒకసారి చూడవచ్చు’ అని రాసి, పూర్తి పేరు, హోదా, ఫోను నంబరుతో సంతకం చేశాడు. వరుసగా గీత గీసినట్టున్న ఆ దస్తూరీ చూసి సినిమా కృతజ్ఞతలు చెప్పింది. పాప పుట్టినరోజు నిలబడుతుందని ప్రాణం కుదుటపడింది.

అయిదుకు పది నిమిషాలుండగా కౌంటరుకు చేరింది. ఏడుకొండలు పత్రం రెండు వైపులా చదివాడు.

“చక్కగా రాశాడే. అనవసరమైన మాట ఒక్కటి లేదు,” అన్నాడు.

టేపు పెట్టి కొలిచారు, రెండో సగం సాగింది. రెండుంబావు స్టార్లు ఇచ్చారు. ర్యాంకు రెండు వందల పదిహేడు. తన కింద ఇంకా రెండు సినిమాలున్నాయని తెలిసి దానికి కాస్త గర్వం కూడా కలిగింది.

“అయ్యా,” అంది సంతకం పెట్టాక. “చివర్లో ఆవిడ పొయ్యి కట్టేస్తుంది. అది తప్పో ఒప్పో, దాని గురించి ఒక్క ముక్క రాస్తారా?”

“పత్రంలో ఉందా?”

“లేదండీ.”

“ఎవరన్నా అన్నారా?”

సినిమా రివ్యూ కాగితాన్ని మడత పెట్టుకుంది. “లేదండీ,” అంది. ఏడుకొండలు కౌంటరు తలుపు దించాడు.

జనవరి ఒకటిన అన్ని ఛానళ్లలోనూ పొద్దున్నుంచే ర్యాంకులు చదవడం మొదలైంది. ఒకటో ర్యాంకు దగ్గరే పదిన్నరయింది. మిగతావి చకచకా చదువుతూ పోయారు. నాంచారమ్మ భర్త వీరాంజనేయులు అన్నానికి కూర్చునేసరికి రెండు వందల పదిహేడు వచ్చింది. తెర మీద సినిమా పేరు, రెండుంబావు స్టార్లు, వీక్షించినవారు వంశీధర్, మెడికల్ రిప్రజెంటేటివ్ అని పడ్డాయి. రివ్యూ మొత్తం చదివి వినిపించారు. నాంచారమ్మ కూర గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి చివరిదాకా విన్నది.

“ఇట్టాంటియ్యి కూడా తీస్తారా,” అన్నాడు వీరాంజనేయులు ముద్ద కలుపుతూ. “ఏవుంటదే అందులో?”

“ఏసీ బాగుందంట,” అంది నాంచారమ్మ, ఆయనకు కూర వడ్డిస్తూ.