ముప్పై ఏళ్ల కిజు

తప్పంతా అత్తగారి చెవిది. కాదు, ఆ మాటకొస్తే భాషది. మా ఒనోమిచి రేవులోనే కాదు, జపాను దేశమంతటా గీటుని 'కిజు' అంటారు, ముద్దుని 'కిసు' అంటారు. ఇంత దగ్గరగా పేర్లు పెట్టుకుని కాపురాలు ఎలా నెట్టుకొస్తున్నారో ఆ పైవాడికే తెలియాలి. ఒక్క అక్షరం మెత్తబడిందా, కారు కథ కాస్తా కారుకూత అయిపోతుంది.

ఆ సాయంత్రం అల్లుడు తొకుజిరో వరండాలో గోడవైపు తిరిగి, ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి గుసగుసలాడుతున్నాడు.

"ముప్పై ఏళ్ల నాటి కిజు, కావోరూ. ఈ ఆదివారం దాని సంగతి తేల్చేస్తా. మా ఆవిడ ఇంట్లో ఉండదు. ముందు తడిపి, మెత్తగా మొదలుపెట్టి, ఆ తర్వాత కొంచెం ఒత్తాలి, అంతేగా? ఏమిటీ, వేడెక్కితే ఆపెయ్యాలా? సరే సరే. మిసావోకి మాత్రం తెలియనివ్వకు."

కాగితం తలుపు అవతల అత్తగారు ఉమెయో కూర్చుని ఎండబెట్టడానికి కాకీ పళ్ల తొక్క తీస్తోంది. (కాకీ పళ్లంటే కాకులు తినేవి కావు, టమాటాల్లా ఉండే తియ్యటి పళ్లు. కాకులకి మిగలనిస్తేగా ఈవిడ!) ఆవిడ ఎడమ చెవి రేవులో ఓడ కూసినా నిద్ర లేవదు. కుడి చెవి మాత్రం పక్కవీధి గుసగుసని కూడా పట్టేస్తుంది. కాకపోతే పట్టింది పట్టినట్టు లోపలికి పోదు, దారిలో వేషం మార్చుకుంటుంది.

ఇక కావోరు అంటే ఊరు కాదు, పేరు. ఆడవాళ్లకీ పెడతారు, మగవాళ్లకీ పెడతారు. అసలే వేషం మార్చుకున్న మాటకి ఈ పేరు చీర కట్టినట్టయింది.

"మిసావో! కొంప మునిగిందే! నీ మొగుడు ఎవత్తో కావోరుకి ముద్దు పెట్టబోతున్నాడు! ముప్పై ఏళ్ల నాటి ముద్దుట! తడిపి, మెత్తగా మొదలుపెట్టి ఒత్తుతాడట!"

మిసావో పాత కిమోనోలు బాగుచేసే మనిషి. నోట్లో సూది పెట్టుకుని ఉంది. తీరిగ్గా తీసింది.

"వేడెక్కితే?"

"ఆపేస్తాడట."

"అయితే పర్వాలేదులే అమ్మా," అని సూదికి దారం ఎక్కించుకుంది.

ఇవన్నీ తొకుజిరోకి తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి ఆయన తన పథకం తనకి తప్ప ఎవరికీ తెలియదన్న ఆనందంలో ఉన్నాడు. పడవ రేవులో టిక్కెట్లు చింపి చింపి ఈమధ్యే రిటైరయ్యాడు. ఏ పని మొదలుపెట్టినా తోకదాకా వచ్చి జీరో అవుతుంది గనక, తొకుజిరో అని పేరు పెట్టిన తండ్రి జ్యోతిష్యుడై ఉండాలని స్నేహితుల నమ్మకం.

పథకం చిన్నదే. ఆదివారం నాటికి వాళ్ల పెళ్లయి ముప్పై ఏళ్లు. పెళ్లికి ముందే కొన్న నీలం రంగు కారు ఇంకా ఇంటి ముందే ఉంది. ఆ కారు ఎడమ తలుపు మీద, అంటే మిసావో దిగే తలుపు మీద, రబ్బరు పట్టీకి కాస్త పైన జానెడు గీటుంది. ఎక్కడికెళ్లొచ్చినా సరే, ఆవిడ కారు దిగుతుంది, తలుపు వేస్తుంది, ఆ గీటు మీద వేలు ఆనించి ఒక్కసారి "హుం" అంటుంది.

మాట అంటే మాట అనొచ్చు. హుంకి ఏం అంటాం?

ఆ గీటు ఎలా పడిందో ఆయనకి గుర్తులేదు. చేపల మార్కెట్టు స్తంభానికి గీసుకుని ఉంటుందని అనుమానం. భార్య మాత్రం మర్చిపోలేదని, ముప్పై ఏళ్లుగా రోజూ ఒక హుం చొప్పున దెప్పుతోందని ఆయన లెక్క. పెళ్లిరోజుకి ఆ గీటు తుడిచేస్తే దెప్పు పోతుంది. దెప్పు లేని ముసలితనం కంటే మొగుడికి కావలసిందేముంది?

అందుకే మీసాల కావోరు దగ్గర శిష్యరికం. రేవు పక్కన రేకుల షెడ్డులో కార్లకి మిషన్ పాలిష్ పెడతాడతను. చిన్నప్పట్నుంచీ స్నేహితుడు, మనిషి పీపాలా ఉంటాడు.

"ఇది కోత మందు. గీటు చుట్టూ ఉన్న పెయింటుని సన్నగా కోస్తుంది," అన్నాడు కావోరు.

"కోతలు కొయ్యడం నాకు కొత్తా?"

"నీ కోతలు పెయింటుకి పట్టవురా తొకూ. విను. స్పాంజి చక్రాన్ని ముందు కారుకి ఆనించు, ఆ తర్వాతే మీట నొక్కు. ఒక్కచోట ఆగకు. అంచుల్లో పెయింటు పలచన, అక్కడ టేపు అంటించు. ఒకసారి అంటించాక టేపే చట్టం. దాని కింద ఏముందో తొంగి చూడకు, చక్రం తగలనివ్వకు."

తుప్పు పట్టిన పాత బానెట్ ఒకటి పడేస్తే దానిమీద మూడు రోజులు సాధన చేశాడు. ఇంటికొచ్చి నిద్రలో కూడా "టేపే చట్టం" అని కలవరించాడు.

శనివారం భోజనాల దగ్గర మిసావో ఎప్పుడో అనుకున్న సంగతే మళ్లీ ఎత్తింది. "రేపు తోమియె-సాన్ వాళ్లు వేడినీటి ఊటలకి స్నానాలకెళ్తున్నారు. అమ్మా నేనూ కూడా వెళ్తాం. మీరొక్కరే ఏం చేస్తారు?" తోమియె అంటే వీధి చివర టోఫూ కొట్టావిడ, సాన్ అంటే గారు. టోఫూతోపాటు వార్తలూ తాజాగా దొరుకుతాయి.

"ఏముంది, మౌనంగా పడుంటా."

"మౌనమా, మైనమా?"

పాలిష్ చివర్న పూసే మైనం డబ్బా గుర్తొచ్చి ఆయనకి పులుసు గొంతులో అడ్డం పడింది. "మైనం ఊసెందుకూ?"

"అలా వినబడింది. మా అమ్మ పోలిక."

"పెళ్లిరోజు పూట మొగుణ్ణి వదిలేసి స్నానాలేమిటే?" అని కాస్త నటించాడు.

"మీ ఇష్టాలు నామీద రుద్దకండి."

"నేను రుద్దేది నీమీద కాదు..." అని నాలిక కరుచుకున్నాడు.

"ముద్దేది అంటున్నాడు!" అంది అత్తగారు కుడిచెవి తిప్పి.

ఆదివారం ఆడవాళ్లు ఇంటి ముందున్న వాలు దిగి వెళ్లగానే తొకుజిరో ముక్కుకి గుడ్డ కట్టుకుని రంగంలోకి దిగాడు. కారు ముందురోజు సాయంత్రమే కడిగేశాడు. దీపాలకీ, పిడులకీ, రబ్బరు పట్టీలకీ టేపు కూడా అప్పుడే అంటించి పెట్టుకున్నాడు. స్పాంజికి మందు పట్టించి, వీరుడు కత్తి ఎత్తినట్టు మిషన్ ఎత్తి, మీట నొక్కాడు.

ముందు ఆనించాలి, తర్వాత నొక్కాలి. ఈయన ముందు నొక్కాడు.

మందు గాలిలో గిర్రున తిరిగి గోడకీ, కళ్లజోడుకీ, చూరుకి వేలాడే కాకీ పళ్లకీ తనని తాను సమానంగా పంచుకుంది. ఆ పళ్లు ఎండాక ఎలాగూ తెల్లగా బూజులాంటి పొడి పూస్తాయి, అదే తీపి. ఈసారి తీపి తొందరగా వచ్చిందని అత్తగారు కొరికితే? ఆయన గబగబా ఒక్కో పండూ తుడిచాడు. మళ్లీ మీట నొక్కగానే ఇంట్లో కరెంటు పోయింది. వంటింట్లో సగం ఉడికిన అన్నం బియ్యమూ కాక, మెతుకూ కాక అలిగి కూర్చుంది. ఫ్యూజు మీట పైకెత్తి వచ్చాడు. కళ్లజోడు తుడిస్తే ఇంకా మసకైంది. తీసి పక్కన పెట్టాడు.

కానీ చక్రం బానెట్ మీద సరిగ్గా కూర్చున్నాక చెయ్యి దారిలో పడింది. నీలం రంగు కింద నుంచి ఇంకో నీలం రంగు లేచి వచ్చింది, కొన్ననాటిది.

బానెట్ నిండా సుడులు సుడులుగా సన్నగీతలున్నాయి. కూతురు చినాత్సు అయిదేళ్లప్పుడు గిన్నెలు తోమే కొబ్బరి పీచు బ్రష్షుతో కారుని తోమేసింది. "ఏం చేస్తున్నావే?" అని అరిస్తే, "కారుకి వీపు రుద్దుతున్నా నాన్నా, దానికి చెయ్యి అందదుగా," అంది. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి ఆ గీతలు పోయాయి. తొకుజిరో మిషన్ ఆపి కాసేపు అక్కడే చూశాడు. మెరుపులో తన తెల్లజుట్టు కనబడింది.

డిక్కీ మీద మామగారి బెల్టు బకిలు గీసిన గీటు. వేసవిలో రేవు మీద బాణసంచా కాలుస్తుంటే, డిక్కీ ఎక్కి కూర్చుని బీరు తాగుతూ ప్రతి తారాజువ్వకీ "ఇదీ!" అని ఎగిరిపడేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. "క్షమించండి మామగారూ," అని వంగి దణ్ణం పెట్టి మరీ రుద్దాడు.

ఇలా ఒక్కో గీటూ పోతూ పోతూ ఒక్కో కబురు చెప్పి పోయింది. మెరుగు పెడుతున్నానా, మరుగు చేస్తున్నానా అని అనుమానం వచ్చింది. అయినా చివరికి ఎడమ తలుపు దగ్గరకొచ్చాడు. దీనికోసమేగా ఇదంతా!

మసక కళ్లకి తలుపు మధ్యలో తెల్లగా జానెడు గీటు కనబడింది. రబ్బరు పట్టీ మీది టేపు మాత్రం నిన్నటికంటే వెడల్పుగా తోచింది. 'నేనేనా ఇంత అంటించింది?' అనుకున్నాడు. అయినా టేపే చట్టం. గీటు మీద చక్రం ఆనించాడు.

ఒక్క తాకుడికే మాయం!

మూడు రోజుల శిష్యరికానికి ముప్పై ఏళ్ల గీటు! ఆయన ఛాతీ పొంగింది. అయితే ఒక్కటే వెలితి. ఈ గీటు ఏ కబురూ చెప్పకుండానే పోయింది. కాసేపు ఎదురుచూశాడు. ఏమీ గుర్తు రాలేదు. మూగ గీటు.

పొద్దు వాలుతుండగా కావోరు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. మీసం దువ్వాడు. "తొకూ! జీవితంలో మొదటిసారి తోకదాకా వచ్చి జీరో కాలేదురా!" అని శిష్యుణ్ణి గట్టిగా కావలించుకుని, చెంపకి చెంప ఆనించాడు.

సరిగ్గా అప్పుడే వాలు మలుపులో, తోమియె కొట్లోంచి లాక్కొచ్చిన చీపురు పైకి లేచింది. చీపురు కింద అత్తగారు, వెనకాల తోమియె, ఆమె వెనకాల స్నానాల బృందమంతా తలలకి తువ్వాళ్లతో.

"దొరికారు! పట్టుకోండి! ఏదీ ఆ కావోరు ఏదీ?"

"నేనేనమ్మా," అన్నాడు కావోరు భయంగా.

ఉమెయో ఆ మనిషిని కిందనుంచి పైదాకా చూసి, మీసాల దగ్గర ఆగిపోయింది. "అల్లుడుగారూ! మీసాలు కూడానా!"

"అయ్యో అత్తయ్యగారూ! కిసు కాదు, కిజు! కారు మీది కిజు! పాలిష్ పెట్టి తీసేస్తానన్నా!"

తోమియె నవ్వుతూ నేలమీద కూలబడింది. పోయిన పరువు రాబట్టుకుందామని తొకుజిరో అందరినీ ఎడమ తలుపు దగ్గరకి లాక్కెళ్లాడు. "మిసావో, చూడు! ఏదీ నీ గీటు? ఇక హుం అను చూద్దాం!"

"పనయ్యాక టేపు తియ్యాలిరా," అంటూ కావోరు పట్టీ మీది టేపు సర్రున లాగాడు.

కింద గీటు నిక్షేపంగా ఉంది.

"మరి... నేను తీసేసింది?"

మిసావో సంచిలోంచి బట్టల మీద గీతలు గీసే తెల్ల సుద్దముక్క తీసి చూపించింది. "దానికి కోత మందెందుకండీ? తడిగుడ్డ చాలు. అమ్మ కిసు అనగానే నాకు కిజు అని అర్థమైంది. కావోరు-సాన్ మీసాలు నేనెరగనివా? టేపే చట్టమని మీరే నిద్రలో పాఠం చెప్పారు. అందుకే రాత్రి అసలు గీటుని ఇంకో వరస టేపుతో కప్పి, పైన సుద్దతో దొంగ గీటు గీశా."

"ముప్పై ఏళ్లుగా దాన్ని చూసి హుం అని దెప్పుతావు! పోగొడదామంటే దాచిపెడతావా?"

"దెప్పడమా?" మిసావో ఆయన మొహంలోకి చూసింది. "మీకు నిజంగా గుర్తులేదూ? పెళ్లికి నెలముందు. ఈ వాలు మీదే. వాన పడుతోంది. నన్ను ఇంట్లో దింపడానికొచ్చి, ఏదో చెప్పాలని నారింజ తొక్క ముక్కలు ముక్కలు చేస్తూ కూర్చున్నారు. మాట దొరకలేదు. దొరక్క..."

"దొరక్క?" అన్నారు తువ్వాళ్ల తలలన్నీ ముందుకి వంగి.

"హ్యాండ్ బ్రేకు వెయ్యడం మర్చిపోయారు."

ఒక్కసారిగా నారింజ వాసన వచ్చింది తొకుజిరోకి. అద్దం మీద వాన తుడిచే చప్పుడు. మూసుకున్న కళ్లు. వాలులో నెమ్మదిగా వెనక్కి, వెనక్కి జారుతున్న కారు. జారుతున్నది కారు కాదు, తన గుండె అని అనుకున్నాడు అప్పుడు. ఆ తర్వాత రాతిగోడ గర్రుమంది.

చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. మిసావో గీటు మీద వేలు ఆనించి, "హుం," అంది. ఈసారి ఆయనకి అది పూర్తిగా వినబడింది.

"ఆగండాగండి," అంది ఉమెయో. "ఆవేళ ఆలస్యమైందేమే అంటే టైరు పంక్చరన్నారుగా నాతో! మరి ఈ కిజు దేనివల్ల పడినట్టు?"

మిసావో తలొంచుకుంది. "కిసు వల్లేనమ్మా."

అత్తగారు చీపురు గోడకి ఆనించి, అల్లుడి వైపూ, మీసాల వైపూ, తువ్వాళ్ల వైపూ తిరిగింది.

"మరి నా చెవులకేం వచ్చిందని అందరూ నవ్వుతారు?"