మెత్తబడిన క్లచ్ పెడల్‌పై మామా అల్లుళ్ల దండయాత్ర

సూర్యభగవానుడు మిద్దెల మీది నీళ్లట్యాంకులను కాగబెట్టుచుండ, ఇరుగుపొరుగు కుక్కరులు ఈలలతో దిక్కులు పిక్కటిల్లజేయుచుండ, ఆఫీసులకు పోవువారు పోగా మిగిలినవారు అరుగుల మీద చేరి ఎవరి పరువు పోవునా అని ఎదురుచూచుచున్న ఒకానొక పూర్వాహ్ణమున, ఒక ఇంటి ముంగిట, ఇనుప స్టాండ్ల మీద ముక్కెత్తి నిలిచిన ఒక తెల్లకారు క్రింద, తైలలిప్తగాత్రుడును, పానాధరుడును, వీడియోవిద్యావిశారదుడును నగు ఆ ఇంటి అల్లుడు వెల్లకిలా పడియుండెను. ఓ వాగ్దేవీ! కొంతసేపు నా నాలుక మీద కూర్చొనుము తల్లీ. పని చిన్నదే గాని పౌరుషము మిక్కుటముగా నున్నది.

కారు మామగారిది. క్లచ్ అరిగినదని తెలిసిన దినమున, "దానికి మెకానిక్ ఎందుకు? నేను మారుస్తా" అని అన్నము ముందర ప్రతిజ్ఞ చేసినవాడు అల్లుడు. గేరుబాక్సును దింపి, పాత ప్లేటును పెరికి, కొత్తదానిని ప్రతిష్ఠించి, ఒక్క బోల్టైనను మిగల్చక బిగించెను, అంతవరకు మెచ్చుకొనవలసినదే. కాని పెడల్‌ను తొక్కి చూడగా, అయ్యో, తడిసిన తలగడ మీద కాలు వేసినట్లు అది మెత్తగా నేలదాకా దిగెను. గేరు పడదాయెను. మధ్యాహ్నము అతని భార్యకు డ్రైవింగ్ పరీక్ష. మునుపు తప్పిన పరీక్ష. ఈ కారుతో తప్ప ఆమెకు చేయి ఆడదు. ఈసారియు తప్పినచో, లైసెన్సు చూపిననేగాని ఇవ్వమన్న కొత్త ఉద్యోగము ఇంకొకరి పాలగును.

అంతట నా వీరుడు పెడల్ క్రింద కాళ్ల చాప అడ్డుపడెనేమో చూచెను, పడలేదు. నూనె కారుచున్నదేమో తడిమెను, కారలేదు. క్లచ్ నూనె డబ్బా నిండుగనే యుండెను. అప్పుడు తెలిసెను: క్లచ్ నూనె గొట్టము ఊడదీసినప్పుడు అదృశ్యరూపధారియగు గాలి లోన జొరబడినది! దానిని వెడలగొట్టుటకు ఇద్దరు కావలె. పైన నొకరు పెడల్‌ను తొక్కి పట్టవలె. క్రింద నొకరు గొట్టము కొననున్న స్క్రూ వదులు చేసి, బుడగలు పోనిచ్చి, బిగించవలె. పిమ్మటనే కాలు తీయవలె. కాలు ఒక్క క్షణము ముందు లేచెనా, పోయిన గాలి బంధుమిత్రసమేతముగా తిరిగి వచ్చును.

"నా కారు, నేనే తొక్కుతా" అని మామగారు సీటెక్కిరి. చిక్కు అచటనే వచ్చెను. పెళ్లినాటినుండి ఈ మామా అల్లుళ్లు నేరుగా మాటలాడుకొని యెరుగరు. పగ కాదు, వట్టి మొగమాటము. కాఫీ కావలెనన్నను, ఫ్యాను వేయవలెనన్నను నడుమ అమ్మాయి రాయబారము నడుపవలె. కాఫీకి ఆ పద్ధతి చాలును.

"ఓ శ్వశురసార్వభౌమా! నీ పాదమును పాతాళమునకు దింపి, నా యాజ్ఞ వెలువడునంతదాక కొండవలె నిలుపుము!" అని అల్లుడు గర్జించెను, మనసులో. నోట మాత్రము, "తొక్కి పట్టుకోమని మీ నాన్నగారికి చెప్పు" అని గొణిగెను.

"నాన్నా, తొక్కి పట్టుకోమంటున్నారు."

"తొక్కే ఉన్నానని చెప్పమ్మా."

"తొక్కే ఉన్నారటండీ."

స్క్రూ వదులయ్యెను. బుడగలు బుసబుసలాడుచు వెడలి, వెంట వచ్చిన నూనె వీరుని గడ్డమును అభిషేకించెను. "బిగిస్తున్నా, అప్పుడే వదలొద్దని చెప్పు!"

"నాన్నా, అప్పుడే..."

"వదిలేశాను కదమ్మా!"

గాలి స్వగృహమునకు విచ్చేసెను. మరల తొక్కిరి, మరల వదలిరి. తరిగినప్పుడెల్ల డబ్బాలో పోయుచున్న నూనె సీసా అడుగంటుచుండెను, పెడల్ మాత్రము మెత్తదనము మానదాయెను.

అప్పుడు రాయబారిణికి ఒళ్లు మండెను. "నేనేమన్నా మీ ఇద్దరి మధ్య టెలిఫోన్ తీగనా? పరీక్ష నాది, టైము పోతోంది నాది! ఇంకొక్క మాట మొయ్యను. స్నానానికి పోతున్నా. వచ్చేసరికి ఇది బాగుపడకపోతే, మీరిద్దరూ తోసుకుంటూ తీసుకెళ్లండి నన్ను!" అని పలికి, తలుపు ధడాలున మూసెను.

తొక్కుమనుటకు క్రింద నొక దగ్గు, తొక్కితిననుటకు పైన నొక దగ్గు. సీసాలో చివరి గుక్కెడు నూనె. స్క్రూ తెరచి యున్నది, బుడగలు పోవుచున్నవి, ఇంతలో పైన మామగారి కాలు కదలిన చప్పుడు! ఉద్యోగము, పరీక్ష, భార్య మొగము, సమస్తమును ఆ కాలి మీద వ్రేలాడుచుండగా, అల్లుని గొంతు పెగిలి వీధి మారుమ్రోగెను.

"వదలకండి మామయ్యా! నేను చెప్పేదాకా కాలు తీశారంటే ఊరుకోను!"

ప్రక్కింటి కుక్క లేచి, చూచి, మరల పండుకొనెను. పైనుండి బదులు వచ్చెను.

"తియ్యలేదయ్యా బాబూ! నువ్వు బిగించు ముందు!"

ఇక ఆగెదరా? "తొక్కండి!" "తొక్కా!" "పట్టుకోండి!" "పట్టుకున్నా!" "వదలండి!" "వదిలా!" అని ఇరువురు వీరులు అరచుచుండగా, బుడగలు సన్నగిల్లి, క్షీణించి, అడుగంటి, స్వచ్ఛమగు నూనెధార వెలువడెను. మామగారు తొక్కబోయి కేక పెట్టిరి: "ఒరేయ్! కాలిని ఎదురు తంతోందిరా అబ్బాయ్!"

తడి జుట్టుతో వచ్చిన అమ్మాయి గేరు వేసి చూచెను, టక్కున పడెను. కారును స్టాండ్ల మీదినుండి దింపి, ముగ్గురును పరీక్షామైదానమునకు పోయిరి. ఆమె లోపల కారు నడుపుచుండగా, మామా అల్లుళ్లు కంచె బయట ఎండలో నిలువబడిరి.

"పాసవుతుందంటావా?" అని మామగారు అడిగిరి.

"అవుతుంది మామయ్యా. పెడల్ చూశారుగా!"

ఎత్తు మీద ఆగి, జారక, ఆరిపోక, తెల్లకారు మెల్లగా పైకెక్కెను. దిగి వచ్చిన అమ్మాయి చేతిలో కాగితము, మొగమంతయు నవ్వు.

జనులారా, వినుడు! రాజ్యములు గెలువబడలేదు, కోటలు కూలలేదు. ఒక్క క్లచ్ పెడల్ నేలకు నాలుగు వ్రేళ్ల ఎత్తున గట్టిపడెను. ఆ మహావిజయమునకు కారణము నా కాలేనని మామగారును, నా పానాయేనని అల్లుడును, ఇంటికి వచ్చునంతవరకు ఒకరితో నొకరు నేరుగా పోట్లాడుకొనిరి. నడుమ కారు తోలుచున్న అమ్మాయి ఒక్కమాటయు మోయలేదు.