మంత్రిగారి స్మోకర్, పుష్పమ్మ తాడు

"ఇకపై పాలమూరు మహిళ ఎండ మీద ఆధారపడాల్సిన అవసరం లేదు!"

కొల్లాపూర్ సభలో మంత్రిగారు ఈ ప్రకటన చేయగానే, వెనుక గొడుగు పట్టుకున్న గన్‌మన్ కూడా చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. గొడుగు వదిలితే మంత్రిగారికి ఎండ తగులుతుంది. అప్పటికి మే నెల ఆఖరి వారం.

నేను ఒక దినపత్రికకు ఇక్కడి కంట్రిబ్యూటర్‌ని. ఎన్నో ప్రకటనలు రాశాను గానీ ఇంత దూరదృష్టి ఎక్కడా చూడలేదు. మా ప్రాంతంలో దరఖాస్తు పెట్టకుండా, ఎవరి సంతకమూ లేకుండా నేరుగా లబ్ధిదారుడికి చేరేది ఎండ ఒక్కటే. దాన్ని కూడా అక్కర్లేకుండా చేయాలని సామాన్యుడికి తడుతుందా?

వారం తిరక్కుండా కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరికి ఎలక్ట్రిక్ స్మోకర్ వచ్చింది. చూడటానికి స్టీలు బీరువా. లోపల అరలు, కింద వేడెక్కే కడ్డీ, చెక్కముక్కలు వేసే చిన్న ట్రే. కరెంటు పెడితే చెక్క రాజుకుని పొగ వస్తుంది, ఆ పొగకూ వేడికీ చేపలైనా మాంసమైనా ఒక్క పూటలో ఎండుతాయి. యంత్రం మంచిదే. దాన్ని పంచాయతీ ఆఫీసు ముందు, 'పొగరహిత గ్రామం' అవార్డు బోర్డు కింద నిలబెట్టారు. ఊళ్లో నీడ ఉన్నది అక్కడే.

ఫీల్డ్ ఆఫీసర్ దేవరాజు గారు మంత్రిగారి చేత ప్రారంభోత్సవానికి ఏర్పాట్లు చూడటానికి వచ్చి, పుష్పమ్మ ఇంటి ముందు ఆగిపోయారు. గుంజ నుంచి గుంజకు కట్టిన పచ్చ తాడు మీద ఉప్పూ పసుపూ పట్టించిన బొచ్చె చేపలు వేలాడుతున్నాయి. ఒకదానికొకటి జారి అంటుకోకుండా ఆమె తాడుకు జానకో ముడి వేసుకుంది. ముడికీ ముడికీ మధ్య ఒక్కో చేప. వానలు పడితే చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపి వలలు కట్టేస్తారు. ఆ రెండు నెలలూ ఆమె ఇల్లు గడిచేది ఈ తాడు మీదే.

ఎండ అవసరం లేదని మంత్రిగారు చెప్పబోయే ఊళ్లో చేపలు ఎండలో కనపడితే యంత్రానికి అవమానమని దేవరాజు గారు వివరించారు. పార్టీ మండల అధ్యక్షుడు శ్రీశైలం తాడు విప్పించాడు. చేపలన్నిటినీ డెమో కోసం స్మోకర్‌లో సర్దించాడు.

"సారు, ఇవి సగమే ఎండినయి," అంది పుష్పమ్మ. "ఇంకో రెండు దినాలు ఎండ తగిల్తే చాలు. గట్ల పెట్టెల వెట్టి మూస్తే మురుగుతయి."

స్విచ్ వేస్తే మురగవని దేవరాజు గారు భరోసా ఇచ్చారు. అయితే స్విచ్ మంత్రిగారే వేయాలి. తలుపుకు రిబ్బన్ కట్టారు. అది కూడా మంత్రిగారే కత్తిరించాలి. ప్రోటోకాల్ అంటే ప్రోటోకాల్.

మొదటి రోజు మంత్రిగారు గద్వాలలో పెళ్లికి వెళ్లారు. రెండో రోజు వనపర్తిలో సమీక్ష. మూడో రోజు నాగర్‌కర్నూల్‌లో ఉండగా, అష్టమి నాడు ప్రారంభోత్సవాలు వద్దని ఎవరో చెప్పారట. మూడు జిల్లాలకూ ఇంత సమన్యాయం చేసిన నాయకుణ్ణి నేనింకా చూడలేదు.

ఆ మూడు రోజులూ పుష్పమ్మ స్మోకర్ పక్కనే కూర్చుంది. తలుపు ఒక్కసారి తెరవమని పొద్దున అడిగేది, మాపున అడిగేది. రెండో రోజు నుంచి ఊళ్లో కుక్కలు కూడా వచ్చి కూర్చున్నాయి. మూడో రోజు అవి లేచి వెళ్లిపోయాయి.

నాలుగో రోజు మంత్రిగారు దిగారు. శ్రీశైలం పన్నెండు కట్టల అగరుబత్తీలు వెలిగించాడు. అయినా మంత్రిగారు ఆగి ముక్కు ఎగబీల్చారు.

"ఏం వాసనయ్యా ఇది?"

"ప్రోటీన్ సర్," అన్నారు దేవరాజు గారు.

రిబ్బన్ తెగింది. స్విచ్ పడింది. చెక్కముక్కలు రాజుకుని పొగ లేచి సరిగ్గా అవార్డు బోర్డును కప్పేసింది. ఫొటోలో బోర్డు రాదేమోనని దేవరాజు గారు వెంటనే స్విచ్ కట్టేశారు. తలుపు తెరుద్దామంటే, ప్రాసెస్ మధ్యలో తెరవకూడదన్నారు.

రుచి చూడాలిగా! పుష్పమ్మ ఎండలో ఎండబెట్టి పండక్కని దాచుకున్న మేక మాంసం ఒట్టి తునకలు పొద్దున్నే ఆమె ఇంట్లోంచి తెప్పించి, వేయించి ప్లేట్లో పెట్టారు. మంత్రిగారు ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు.

"ఎండల ఎండవెట్టిన దానికి ఈ రుచి వస్తదా?" అని మైకులో అడిగారు. రాదని జనం చెప్పారు. ప్లేటు ఖాళీ అయింది. లబ్ధిదారు మాట్లాడాలని మైకు పుష్పమ్మకిచ్చారు.

"చాపలు పాయె సారు. వానకాలం ఏం తినాలెనో తెల్వదు. ఎండ ఇంకా నాలుగు దినాలుంటది. జర నా తాడన్న నాకిప్పియ్యుండ్రి."

మంత్రిగారు పీఏ వైపు తిరిగి నోట్ చేసుకోమన్నారు. పీఏ నోట్ చేసుకున్నాడు. తాడు అక్కడే ఉంది, జనాన్ని మంత్రిగారి మీద పడకుండా ఆపుతోంది. కాన్వాయ్ వెళ్లేదాకా విప్పడం కుదరదని పోలీసులు చెప్పారు. కాన్వాయ్ వెళ్లాక శ్రీశైలం దాన్ని చుట్టి జీపులో వేసుకున్నాడు, ముందు ముందు పనికొస్తుందని.

పుష్పమ్మ ఏడ్చింది. మర్నాడు పేపర్లో 'లబ్ధిదారు ఆనందబాష్పాలు' అని వచ్చింది. నేను ఏడ్చిందనే రాశాను. ఆనందం డెస్కు వాళ్లు కలిపారు. నేను ఫోన్ చేసి అడగలేదు.

మంత్రిగారు వెళ్లిన మధ్యాహ్నమే స్మోకర్ తెరిచి, లోపలున్నదాన్ని ఏటి ఒడ్డున గుంట తీసి పూడ్చారు. గుంట పుష్పమ్మే తీసింది.

ఐదో రోజు వాన పడింది. సకాలంలో వానలు కురిపించిన మంత్రిగారికి కృతజ్ఞతలు తెలుపుతూ శ్రీశైలం కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఫొటో తీద్దామని దగ్గరికి వెళ్లాను. ఫ్లెక్సీని స్తంభానికి పచ్చ తాడుతో గట్టిగా బిగించారు. తాడుకు జానకో ముడి ఉంది.