వెండి పసుపు, కళ్ల పసుపు

నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే: నా బిడ్డకు ఏమన్నా అయిన రోజున వాళ్ల బాపు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడని. అయినా ఒట్టేసి చెబుతున్నాను, కంప్యూటరంత వరం మన హనుమకొండకు ఇంకోటి రాలేదు!

నమ్మరా? ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకే అర్థమైంది, మీకెందుకు కాదు? మా ఆయన రీసెర్చి వెండి మీద. వెండి ముద్ద తెల్లగా మెరుస్తుంది కదా, దాన్నే కంటికి ఆననంత చిన్న గింజలు చేసి నీళ్లలో కలిపితే పసుపు రంగు వస్తుందట! వెలుగు తగలగానే లోపలి ఎలక్ట్రాన్లన్నీ జాతరలో జనంలా ఒక్కసారే ఊగుతాయట. ఆ ఊపును కంప్యూటర్ లెక్కగడుతుంది. మా ఇంట్లో వెండి అంటే బిడ్డ కాలి పట్టీలే. అయితేనేం? వెండి లేకుండానే వెండిని చూపించే మిషన్ అది! పెండ్లాం బిడ్డలు లేకుండానే సంసారం నడిపించేస్తుంది!

దాని మర్యాదే మర్యాద. చెప్పులు బయట విడవాలి. మేము తడిగుడ్డ కప్పుకుంటే దానికి ఏసీ. దానికి లెక్కలు తినిపించే చిల్లుల కార్డుల్లో ఒక్కటి వరస తప్పినా అలుగుతుంది, ఆయన రోజంతా బుజ్జగిస్తాడు. నేనెన్నిసార్లు అలిగానో ఆయనకు తెలుసా?

మొన్న మా రెండేళ్ల అరుణ కళ్లు పసుపుబడ్డాయి. చంకనేసుకుని, పక్కింటి అజ్మత్ బీని తోడు తీసుకుని సుబేదారిలోని ఆ కంప్యూటర్ గదికే పోయాను. వాచ్‌మన్ యాకయ్య ఆపాడు.

"ఎవలు గావాలమ్మా?"

మొగుని పేరు నోటితో ఎట్లా చెప్పను? "అరుణోళ్ల బాపు" అన్నాను.

"గా పిల్ల బాపు ఈడ ఎవ్వలు లేరు. గా పేరే ఎన్నడు ఇనలే."

అంతలో తలుపు తెరుచుకుంది. "అగో, గా కాగితాలల్ల మునిగినాయన!" అని అజ్మత్ బీ చూపించింది.

గుమ్మంలోంచే అరిచాను. "ఇగో, బిడ్డ కళ్లు పసుపుగైనయి, జర చూడుండ్రి!"

ఆయన అచ్చయి వస్తున్న కాగితం మీది నుంచి తల ఎత్తలేదు. "పసుపే రావాలె! నేననుకున్నట్టే వస్తాంది!"

"మిషన్‌కు కామెర్లయితే ఉరికొస్తుండె," అంది అజ్మత్ బీ. "నువ్వు పా బిడ్డా, దవాఖానకు పోదాం."

చూశారా, కంటికి ఆనని గింజ రంగును కూడా పట్టే చూపు! వరం కాదా?

డాక్టర్ కామెర్లే అన్నాడు. నీళ్ల వల్లనట, ఇంట్లో అందరి కళ్లూ చూసుకోమన్నాడు. అరుణ మందు తాగి పడుకుంది. నా కళ్లు అద్దంలో చూసుకున్నాను. ఆయన పొద్దు పొడవకముందే పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. ఆ కళ్లను వెలుతురులో నేనెన్నడు చూశానో!

మీలో ఎవరన్నా సుబేదారి దిక్కు పోతే, ఆ కంప్యూటర్ గదిలో జర ఆయన కళ్లు చూసి రండి. పేరు నేను రాయలేను. అరుణ బాపు ఎవరని గట్టిగా అడగండి. కళ్లు పసుపుగా ఉంటే దవాఖానకు పంపండి. తెల్లగా ఉంటే ఇంటికి పంపండి.