నాలుగో కాగితంలో చిలక

శుభవార్త ఉదయం ఏడూ పదికి వచ్చింది. సాహితి అప్పుడే వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని, ఒక పక్క కాఫీ గ్లాసు, మరో పక్క దారాల డబ్బా పెట్టుకుని, సూదిలో చిలకపచ్చ దారం ఎక్కిస్తోంది. ఫోన్ టింగుమంది. విజయవాడలోని 'నెమ్మది కుట్టు' బృందం నుంచి సందేశం. ఆమె కుడుతున్న క్రాస్ స్టిచ్ మామిడి చెట్టు ప్రదర్శనకు ఎంపికైందట. "తొందర లేని కుట్టులోని ఆనందాన్ని లోకానికి చాటుదాం. బొమ్మ పూర్తి చేసి రేపు సాయంత్రం అయిదు లోపు అందజేయగలరు. ఆలస్యమైతే తీసుకోబడదు" అని నిర్వాహకురాలు శ్వేత రాసింది.

సాహితి మొదటి వాక్యానికి మురిసిపోయి, చివరి వాక్యాన్ని క్షమించింది.

ఆమెకు పెళ్లయి మూడు నెలలు. అత్తవారిది నూజివీడులో మామిడి వ్యాపారం చేసే కుటుంబం, అందరూ పరుగు మీదుండే మనుషులు. మామగారు ప్రభాకరరావు, కదిలే బండి మీంచి చెట్టును ఓరకంట చూసి, ఎంత కాపు దిగుతుందో చెప్పేస్తారు. తప్పు చెప్పినా వెంటనే చెబుతారు. దీన్ని ఆయన ముప్పై ఏళ్ల అనుభవం అంటారు. అత్తగారు విజయలక్ష్మి కుక్కరు మూడో కూత దాకా ఏనాడూ ఆగలేదు. అలాంటి ఇంట్లో కొత్త కోడలు గడికో ఇంటూ గుర్తు చొప్పున కుడుతూ, వరుస పూర్తయిన ప్రతిసారీ గుడ్డను దూరంగా పట్టుకుని చూసుకుని, తనలో తనే నవ్వుకోవడం ఎవరికీ అంతుపట్టేది కాదు.

"నీ గుడ్డ మీద పిందె కట్టేలోపు బయట కాయ పండి, టెంక మొలకెత్తుతుందమ్మాయ్" అనేవారు అత్తగారు.

నమూనా సాహితి తనే గీసుకుంది, నాలుగు గ్రాఫ్ కాగితాల మీద. ఇంటూ ఉన్న గడిలో ఆకు రంగు, సున్నా ఉన్న గడిలో కాయ రంగు, ఖాళీ గడి ఆకాశం. మూడు కాగితాలు అప్పటికే గుడ్డ మీదికి ఎక్కాయి. మిగిలింది నాలుగోది. అందులో కొమ్మ చివర, కొన్ని కాయలు, పై మూలన త్రిభుజాలతో గీసిన చిలక. నిలువునా నలభై గడులు, అడ్డంగా ఇరవై. ఆ చిలక మెడ వంపు కుదరడానికే వారం పట్టింది, రబ్బరు సగం అరిగింది. ఈ పూటా రేపు పొద్దున్నా కూర్చుంటే బొమ్మ పూర్తవుతుంది, మధ్యాహ్నం బస్సు ఎక్కొచ్చు. లెక్క సరిపోయింది. కాగితం తెచ్చుకోవడానికి లేచింది.

రాత్రి భోజనాల బల్ల మీద నీళ్ల జగ్గు కింద పెట్టిన కాగితం అక్కడ లేదు.

"ఆ గళ్ల కాగితమా? మీ మామయ్యగారు పొద్దున్నే తీసుకెళ్లారు. ఆనంద్ బాబు పెట్టి వెళ్లాడట" అన్నారు విజయలక్ష్మి, చట్నీ తాలింపు ఆపకుండా.

ఆనంద్ బాబు ప్రభాకరరావు దగ్గర పనిచేసే మనిషి. పిందె దశలో తోట కాపు కొనడానికి బేరం మాట్లాడుకునే ముందు చెట్టు చెట్టూ తిరిగి చూసి రావడం అతని పని. ఆగిరిపల్లిలో ఇన్నయ్య తోట చూసి, కాపున్న చెట్లూ లేని చెట్లూ గుర్తులు పెట్టి తెమ్మని ప్రభాకరరావు రెండు రోజుల కిందటే చెప్పారు. ఇన్నయ్య తోటలో నలభై వరుసలు, వరుసకు ఇరవై చెట్లు. జగ్గు కింది కాగితంలో గడులు లెక్కపెడితే సరిగ్గా నలభై ఇరవైలు. పైన 4 అని అంకె. ఆయన చూడాల్సిన తోటల్లో ఇన్నయ్యది నాలుగోది. ఇక ముప్పై ఏళ్ల అనుభవం ఆలోచించడం మానేసింది.

సున్నాలంటే కాపున్న చెట్లు. అవి పాతిక కూడా లేవు. ఇంటూలంటే కాపు పోయినవి. ఖాళీ గడులంటే చచ్చిన చెట్లు. ఇక ఈశాన్యం మూలన గుంపుగా ఉన్న త్రిభుజాలు ఏమిటో ఆయనకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఆకుల మీద జిగురు కార్చి కాపు రాల్చే తేనెమంచు పురుగు. అందులోనూ ఈశాన్యం.

వెంటనే ఇన్నయ్యకు ఫోన్ చేసి, మీ తోట మాకొద్దన్నారు. ఇన్నయ్య కారణం అడిగితే చెట్ల వారీగా చదివి వినిపించారు. ఇన్నయ్య అంతా విని, ఒక్కసారి వచ్చి చూపించమన్నాడు. చూపించడానికేముందని ప్రభాకరరావు బయలుదేరారు. దారిలో ఆగిరిపల్లి టీ కొట్టు దగ్గర ఆగి, పాపం ఇన్నయ్య తోట పోయిందని నలుగురికీ చెప్పి, వాళ్లు నమ్మకపోతే కాగితం కూడా చూపించారు.

తొమ్మిదింటికి ఆనంద్ బాబు ఇంటికొచ్చాడు. రెండు రోజులుగా మోటార్ సైకిల్ షెడ్డులో ఉందనీ, ఇన్నయ్య తోటకు ఇవాళ వెళ్తాననీ, అయ్యగారికి కాస్త నెమ్మదిగా చెప్పమనీ సాహితిని బతిమాలాడు. సాహితికి విషయం మొత్తం అర్థమైంది. మామగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. తోటలో ఉన్నప్పుడు ఆయన ఫోన్ ఎత్తరు, చూపు చెదురుతుందట.

భర్త చైతన్య బండి తీశాడు. సాహితి ఫ్రేముతో సహా గుడ్డను ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. అంత హడావుడిలోనూ తోటల మధ్య మలుపు తిరగ్గానే ఆఖరి పూత వాసన ముఖానికి కొట్టేసరికి, "కాస్త నెమ్మదిగా పోనివ్వండి" అంది.

"మన కాపురం నిలబడాలంటే వేగంగా పోవాలి" అన్నాడు చైతన్య.

ఇన్నయ్య తోటలో అప్పటికే జనం పోగయ్యారు. టీ కొట్టు మొత్తం గ్లాసులతో సహా అక్కడికి తరలివచ్చింది. ఇన్నయ్య భార్య జోజమ్మ ప్రభాకరరావుకు మజ్జిగ ఇచ్చింది గానీ పలకరించలేదు. ఆయన ఒక బంగినపల్లి చెట్టు కింద నిలబడి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి కాగితం చూస్తున్నారు. ఆయన తల మీద గుత్తులు గుత్తులుగా పిందెలు వేలాడుతున్నాయి.

"ఏడో వరుస, పన్నెండో చెట్టు. ఇంటూ ఉంది" అన్నారు ప్రభాకరరావు.

"తల ఎత్తి చూడండి" అన్నాడు ఇన్నయ్య.

ఆయన ఎత్తలేదు. "కనపడతాయండీ. నిలవవు. నిలిచేవైతే మావాడు ఇంటూ ఎందుకు పెడతాడు?"

"మీవాడు వచ్చిందెప్పుడు? వారం నుంచి నేనిక్కడే ఉన్నాను. కుక్క కూడా మొరగలేదు."

"కుక్కకి కూడా తెలియకుండా చూసి రావడమే వాడి పనితనం."

టీ కొట్టువాళ్లు నవ్వారు. ఇన్నయ్య నవ్వలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ప్రభాకరరావు చేతికిచ్చాడు. కాయ కళ్లబడిన చోటల్లా అదే కాగితం మీద సున్నా పెట్టమన్నాడు. నలుగురి ముందూ కాదనలేక ఆయన పెట్టడం మొదలుపెట్టారు. ఏడో వరుస అయింది, ఎనిమిది అయింది, తర్వాత పురుగున్న ఈశాన్యం మూలకు నడిచారు. అక్కడ ఆకు తడిమితే జిగురు అంటలేదు. పురుగు లేదు సరికదా, తోట మొత్తంలో ఆ మూలే విరగకాసింది. ప్రభాకరరావు చెమట తుడుచుకుంటూ ఒక్కో త్రిభుజం మీదా లావుగా ఎర్ర సున్నా చుట్టారు. ఆఖరి త్రిభుజం చుట్టేసరికి సాహితి పరుగున వచ్చింది.

"మామయ్యగారూ, అది నా చిలక."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె గుడ్డ విప్పి కాగితం పక్కన పట్టుకుంది. ముప్పావు వంతు మామిడి చెట్టు ఆకులతో, కాయలతో అందరికీ కనిపించింది. ప్రభాకరరావు గుడ్డనూ కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. చివరకు తలెత్తి, కాగితంతో పోల్చకుండా చెట్టును చూశారు, ఆ రోజుకు మొదటిసారి.

జోజమ్మ గుడ్డను చేతిలోకి తీసుకుని, ముందు వైపు చూడకుండా వెనక్కి తిప్పింది. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్ల దగ్గర కుట్టు నేర్చుకున్న మనిషి. దారం ఎక్కడా చిక్కు పడలేదు, ఒక్క ముడి లేదు.

"ముందు వైపు ఎవరైనా బాగా కుడతారమ్మాయ్, వెనక వైపు చూస్తేనే పని తెలిసేది" అంది. తర్వాత ప్రభాకరరావు వైపు తిరిగింది. "మీరు మా తోటకు ముందు వైపు కూడా చూడలేదండీ."

ఈసారి టీ కొట్టువాళ్లు కూడా నవ్వలేదు.

సాహితి కాగితం తీసుకుని చూసింది. చిలక మెడ వంపు మీద, రెక్క మీద, ముక్కు మీద ఎర్ర సున్నాలు. కింద గీసిందేమిటో కనిపించడం లేదు. మళ్లీ గీయాలంటే మళ్లీ వారం. రేపు సాయంత్రం అయిదు లోపు ఇక అవదు. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి ప్రభాకరరావు తనకు తెలిసిన పరిష్కారం చెప్పారు. "బస్టాండు దగ్గర కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపుందమ్మా. పది నిమిషాల్లో చిలక వేసిస్తాడు. కావాలంటే జంట చిలకలు వేయిస్తాను."

సాహితి ఫోన్ తీసింది. బొమ్మ పూర్తి కాలేదనీ, తొందరపడి పూర్తి చేయడం ఇష్టం లేదనీ, క్షమించమనీ శ్వేతకు రాసింది. రాశాక మనసు తేలికైంది. నిమిషంలో జవాబు వచ్చింది. "ఫర్వాలేదండీ. ఎంపికైన పదకొండు మందిలో ఒక్కరూ పూర్తి చేయలేదు. నాది కూడా అవలేదు. ప్రదర్శన వాయిదా. తేదీ నెమ్మదిగా చెబుతాం."

ఆమె పకపకా నవ్వింది. ఇన్నయ్య మాత్రం తన పని మరిచిపోలేదు. తోట ఇవ్వడానికి తనకు అభ్యంతరం లేదన్నాడు. "కానీ టీ కొట్టులో మా తోట పోయిందన్నారు కదండీ. ఎనిమిది వందల చెట్లూ ఒక్కోదాని కిందా నిలబడి, తల ఎత్తి చూసి, రాసుకోండి. రాసింది అదే కొట్టులో నిలబడి చదవండి. తర్వాత మాట్లాడుకుందాం."

సాయంత్రం ఇంటికొచ్చాక ప్రభాకరరావు వరండాలో నిలబడి గొంతు సవరించుకుని ప్రకటించారు. రేపు ఉదయం ఆరింటికి ఇన్నయ్య తోటకు ప్రయాణం. సాహితి కూడా వస్తుంది. తనకొక కొత్త గళ్ల కాగితం గీసివ్వాలి, ఆ తర్వాత జోజమ్మ గారి దగ్గర చెట్టు నీడలో కూర్చుని చిలకను తీరిగ్గా మళ్లీ గీసుకోవచ్చు.

"ఎనిమిది వందల చెట్లా? బండి మీంచి చూసేస్తే కుదరదా?" అని విజయలక్ష్మి అమాయకంగా అడిగారు.

ముప్పై ఏళ్ల అనుభవం అప్పటికే అటక మీద గొడుగు వెతుక్కుంటోంది.