కమలమ్మ ఎండిపోయింది

ఆళ్లగడ్డలో తొమ్మిదో తరగతి చదివే షాలిని ఆ సోమవారం పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే: బడికి పోతూ నంద్యాల కలెక్టరాఫీసుకు రాసిన అర్జీని పోస్టుడబ్బాలో వేయడం. మీ వీధి కష్టం మీరే రాయండని తెలుగు టీచరు ప్రమీల క్లాసు మొత్తానికీ చెప్పింది. షాలిని వీధి కష్టం కుళాయి. అది కమలమ్మ ఇంటి ముందుంది కాబట్టి వీధివాళ్లకు దాని పేరూ కమలమ్మే. "కమలమ్మ వచ్చిందా?" అంటే నీళ్లొచ్చాయా అని.

పెద్దవాళ్లు అంతకుముందే మూడు అర్జీలు పెట్టారు. జవాబు లేదు. అందుకే షాలిని మనసు పెట్టి రాసింది: "మా వీధి కమలమ్మ మూడు నెలలుగా ఎండిపోయి ఉంది. గొంతు తుప్పు పట్టింది. తల తిప్పితే గురగురమంటుంది. ఎవరూ వచ్చి చూడటం లేదు."

గురువారం సాయంత్రం నంద్యాల నుంచి డాక్టరు, నర్సు అంబులెన్సులో దిగారు. ఆ బండిని చూసి, కమలమ్మ పోయిందని పక్క వీధిలో ఎవరో అనేశారు. పాస్టరు ఎలీషా బైబిలు పట్టుకొచ్చాడు. నాలుగు వీధుల అవతలుండే కమలమ్మ చెల్లెలు జీవమ్మ ఏడుస్తూ వచ్చింది. కమలమ్మ అరుగు మీద శనగలు చెరుగుతోంది.

"ఎవురికప్పా బాగలేంది?" అని అడిగింది.

డాక్టరు చీటీ చూసుకున్నాడు. "మీకేనమ్మా. నోరు తెరవండి."

ఆమె తెరిచింది. వచ్చిన మాటలకు నర్సు రెండడుగులు వెనక్కి వేసింది.

బడి నుంచి వస్తున్న షాలినికి గుంపును చూడగానే సంగతి అర్థమైంది. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"కమలమ్మంటే అవ్వ కాదు సార్. కుళాయి."

డాక్టరు అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు. జీవమ్మ లోపలికి పోయి బిందెలన్నీ వంచి చూసి, వట్టి చేతులతో వచ్చింది.

"రేపు ట్యాంకరొస్తే ఇస్తాంలే నాయనా" అంది కమలమ్మ.

డాక్టరు లేచి కుళాయి తిప్పితే గురగురమంది. తర్వాత ఫోను తీసి, మాత్ర మింగడానికి కూడా ఈ వీధిలో నీళ్లు లేవని పైవాళ్లకు చెప్పాడు. మర్నాడే కొత్త పైపు వేశారు.

ఇకనైనా తేటగా రాయాలని ప్రమీల శనివారం షాలినిని మందలించింది.

"తేటగా రాసినవి మూడు పొయినాయి గదా మేడం."

ప్రమీల ఎర్రపెన్ను మూత పెట్టేసింది.

ఆ సాయంత్రం అదే వీధి జకరయ్య తెల్లకాగితంతో షాలిని ఇంటికి వచ్చాడు. ఆయన గుమ్మం ముందు కరెంటు స్తంభం ఒరిగి ఏడాదైంది.

"స్తంభమని రాయొద్దు పాపా" అన్నాడు. "జకరయ్య ఒరిగిపోతాండాడని రాయి."